మంచి చెబితే ‘ప్రవచనం’ అంటున్నారు, ఇక నోరు మూసుకుని ఉండాలా?

హనుమకొండ నుంచి ఒక టీచర్ గారు పెద్ద ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆవిడ వయసు 46. పరకాల వైపు ఒక ఊరి సర్కారు బడిలో తెలుగు చెబుతారు. తల్లిదండ్రులు తొందరగా పోవడంతో, తనకంటే పన్నెండేళ్లు చిన్నవాడైన తమ్ముణ్ణి తానే పెంచి, చదివించి, పెళ్లి చేశారు. ఆ తమ్ముడు ఇప్పుడు ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. మొదట ఆదివారాలు తాగేవాడు, తర్వాత మిర్చి సీజన్ రాత్రుళ్లు తాగాడు, ఇప్పుడు రోజూ తాగుతున్నాడు. పోయిన దసరా నాడు అందరూ తమ్ముడి ఇంట్లో కలిశారు. అతను జమ్మి ఆకు అక్క చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. వంగినప్పుడు మందు వాసన గుప్పుమంది. ‘‘జమ్మి చేతిలనే ఉన్నది, అక్కడనే మొదలుపెట్టిన’’ అని రాశారావిడ. నాయిన ఎట్లా బతికిండు, అమ్మ పోయేటప్పుడు ఏం చెప్పింది, పిల్లలు ఏం నేర్చుకుంటరు, అన్నీ చెప్పారు. మరదలి తరఫు చుట్టాలంతా అక్కడే ఉన్నారు. తమ్ముడు మాట్లాడకుండా బండి తీసుకుని వెళ్లిపోయాడు. మరదలు మాత్రం ‘‘వదినా, పండుగ పూట గూడ మీ ప్రవచనమేనా’’ అన్నది. అప్పటి నుంచి తమ్ముడు ఫోన్ ఎత్తడం లేదు.

రెండోది బిడ్డ సంగతి. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది. అమ్మ రోజూ రాత్రి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతుంది. పండక్కి వచ్చిన బిడ్డ, మేడ మీద స్నేహితురాలితో కూర్చుని ఆ మెసేజ్‌ను రెండింతల స్పీడులో పెట్టి నవ్వుతుంటే ఆవిడ మెట్ల మీద నుంచి విన్నారు. తన గొంతే కీచుకీచుమంటూ ‘‘ఆడపిల్లవు, జాగ్రత్తగా ఉండాలె’’ అంటోంది. అడిగితే, ‘‘అమ్మా, నువ్వు మాట్లాడవు, ప్రీచింగ్ చేస్తవు’’ అందట. మూడోది, స్టాఫ్ రూంలో తన వెనకాల ‘ప్రవచనం మేడం’ అంటారని ఈ మధ్యే తెలిసింది.

ఉత్తరం చివర అడిగింది ఇది: ‘‘నేను గుళ్లో మైకు పట్టుకొని చెప్పేదాన్ని కాదు. నా అనుకున్నవాళ్లకు మంచి చెప్తున్న. మంచి చెప్పుడు గూడ తప్పయితే, కండ్ల ముందట చెడిపోతుంటే చూస్కుంట ఊకుండాలెనా?’’

టీచర్ గారూ,

మీరు ఒక్క ప్రశ్నే అడిగారు గానీ అందులో మూడు గొడవలున్నాయి. ఒకటి జబ్బు, ఒకటి దూరం, ఒకటి ఉత్త వెక్కిరింత. మూడింటి మీదా ఒకే మాట వచ్చి పడింది కాబట్టి మీకు అన్నీ ఒకే అవమానంగా కనిపిస్తున్నాయి. విడదీస్తే బరువు కొంత తగ్గుతుంది.

వెక్కిరింత సంగతి ముందు తేల్చేద్దాం, దానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. స్టాఫ్ రూంలో పేరు పెట్టించుకోని టీచరు ఈ జిల్లాలో ఎవరైనా ఉన్నారా? లెక్కల సారుకు ఒకటి, పీఈటీకి ఒకటి ఉండే ఉంటుంది. వాళ్లు మీ జీతం ఆపడం లేదు, మీ మీద పై ఆఫీసుకు రాయడం లేదు. వదిలేయండి.

మీ బిడ్డ వాడిన మాట మిమ్మల్ని ఎక్కువగా గుచ్చింది. ఆ మాట మొదట్లో తిట్టు కాదు. లాటిన్‌లో నలుగురి ఎదుట చాటి చెప్పడాన్ని అనే క్రియ నుంచి వచ్చింది. చర్చిలో వాక్యం చెప్పేవారి పనికి అదే పేరు. మసీదులో జుమ్మా రోజు ఇమాం చెప్పే ఖుత్బా అయినా, మన గుళ్లో సాయంత్రం షామియానా కింద జరిగే ప్రవచనమైనా గౌరవమైన పనులే. అదే మాట ఇంటి గడప లోపలికి వచ్చేసరికి ఎత్తిపొడుపు అవుతుంది. మన దగ్గర ‘సుద్దులు చెప్పకు’, ‘నీతులు చెప్పొచ్చినవ్’, ‘క్లాసు పీకుడు మొదలైంది’ అనడం కూడా అలాంటిదే. ఎందుకిలా అంటే, ప్రవచనానికి వెళ్లినవాడు తనంతట తాను చెప్పులు విడిచి వచ్చి కూర్చుంటాడు. నచ్చకపోతే మధ్యలో లేచి పోతాడు, ఎవరూ ఏమీ అనుకోరు. దసరా నాడు మీ తమ్ముడికి ఆ వీలు లేదు. అతని ఇల్లు అది, పైగా అతను వంగి ఉన్నాడు. మీ కాళ్ల దగ్గరి నుంచి లేచేసరికే సభ మొదలైంది. అతను చేయగలిగింది ఒక్కటే, బండి తాళాలు తీసుకోవడం.

మీరు చెప్పిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అది నాకూ తెలుసు, మీ తమ్ముడికీ తెలుసు. అందుకే అతను ఎదురు చెప్పలేదు.

ఐనవోలు జాతరకో కొమురవెల్లికో మీరు వెళ్లే ఉంటారు. ఒగ్గు కథ చెప్పేటప్పుడు చూడండి. ప్రధాన కథకుడు ఎంత గొప్పవాడైనా ఒంటరిగా చెప్పడు. జనగామ దిక్కు నుంచి వచ్చిన చుక్క సత్తయ్య అంతటివాడి పక్కన కూడా వంతలు ఉండాల్సిందే. డోలు మీద దెబ్బ పడుతుంది, పక్కవాడు ‘ఆఁ’ అంటాడు, ‘అట్లెట్లయితది?’ అని అడ్డం తగులుతాడు, నవ్విస్తాడు, ఆ తర్వాతే కథ ముందుకు పోతుంది. రాత్రంతా జనం కదలకుండా కూర్చోవడానికి అదీ ఒక కారణమే. మీ ఇంట్లో ఆ ‘ఆఁ’ అనే మనిషికి చోటు లేకుండా పోయింది. బడిలో నలభై నిమిషాల పీరియడు, ఎదురు చెప్పని పిల్లలు, ఏళ్ల తరబడి అదే అలవాటు. తమ్ముణ్ణి పెంచిన రోజుల్లోనూ అమ్మా నాన్నా మీరే, ఇద్దరి మాటలూ మీరే చెప్పాల్సి వచ్చింది. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతోంది. దానికి మిమ్మల్ని తప్పుపట్టను.

అయితే మీ ఉత్తరంలో, మీరే పెద్దగా పట్టించుకోకుండా నాలుగు వాక్యాల్లో రాసి వదిలేసిన ఒక సంగతి ఉంది. నా జవాబు మొత్తం దాని మీదే నిలబడుతుంది.

పోయిన వేసవిలో మీ బడిలో తొమ్మిదో తరగతి పిల్లకు పెళ్లి కుదిర్చారు. మీరు వాళ్లింటికి వెళ్లారు. ‘బయటోళ్లు నా మాట వింటరు గాని ఇంట్లోవాళ్లు వినరు’ అని నిరూపించడానికి ఆ సంగతి రాశారు మీరు. కానీ అక్కడ మీరు ఏం చేశారో ఒకసారి మళ్లీ చూసుకోండి. ముందు వాకిట్లో కూర్చుని, ఆ తల్లి పత్తి చేనుకు పోయి వచ్చేదాకా ఆగారు. ‘‘ఎందుకింత తొందర పడుతున్నరు?’’ అని అడిగి, ఆమె చెప్పింది విన్నారు. చేనుకు పోతే పిల్ల ఇంట్లో ఒక్కతే ఉంటదని భయం. ఇప్పుడైతే కట్నం తక్కువ, ఇంకో మూడేండ్లయితే ఎక్కువ అడుగుతరని లెక్క. ఆ తర్వాతే మీరు నోరు విప్పారు. ఆడపిల్లలకు భోజనం, వసతి ఇచ్చి చదువు చెప్పే కస్తూర్బా విద్యాలయం సంగతి చెప్పారు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే కల్యాణలక్ష్మి కింద వచ్చే 1,00,116 రూపాయలు రావని చెప్పారు. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అది నేరమని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరు ఫోన్ చేసినా అధికారులు వస్తారని కూడా చెప్పారు, కానీ ఆఖర్న, బెదిరింపులా కాకుండా. ఆ రాత్రే వాళ్లు ఒప్పుకోలేదు. మీరు ‘ఆలోచించుకోండ్రి, ఆదివారం మళ్లొస్త’ అని లేచారు. మళ్లీ వెళ్లారు. పిల్ల ఇప్పుడు పదో తరగతిలో ఉంది.

ఆ ఇంట్లో మిమ్మల్ని ఎవరూ ప్రవచనం మేడం అనలేదు. ఆ రోజు మాట్లాడిన మనిషీ, దసరా నాడు మాట్లాడిన మనిషీ ఒక్కరే. అక్కడ వాళ్లు పరాయివాళ్లు కాబట్టి అడిగారు, విన్నారు, గడువిచ్చారు. ఇంట్లోవాళ్ల విషయంలో అడగడానికేముంది, అన్నీ తెలిసినవే అనుకున్నారు. కాబట్టి ‘నోరు మూసుకోవాలా, చెప్పాలా’ అనే రెండే దారులు మీ ముందు లేవు. మూడో దారి మీకు చేతనవును, చేసి చూపించారు కూడా.

ఇప్పుడు బిడ్డ సంగతి.

ఉత్తరంలో ఇంకో మాట రాశారు. ఎండాకాలంలో ఒక రాత్రి మీ అమ్మాయి ఫోన్ చేసి, తన రూమ్మేట్ ఒక అబ్బాయితో తిరుగుతోందని, ఇప్పుడు వాడు వేరే పిల్లతో ఉన్నాడని, ఆ పిల్ల రెండు రోజులుగా తినట్లేదని చెప్పింది. మీరేమన్నారు? ‘‘అందుకే చెప్తున్న, చదువుకునే వయసుల ఇవన్నీ ఎందుకు’’ అని మొదలుపెట్టి, మాట ఆ పిల్ల తల్లిదండ్రుల పెంపకం దాకా వెళ్లిందని మీరే రాశారు. ఆ తర్వాత మీ అమ్మాయి హాస్టల్ విషయాలు చెప్పడం మానేసింది. తిన్నవా, తిన్న. చదివినవా, చదివిన. అంతే.

ఆ రూమ్మేట్ నిజంగా రూమ్మేటే అయి ఉండొచ్చు. కాకపోయినా కావచ్చు. నేను చెప్పలేను, మీరు ఇప్పుడు గుచ్చి గుచ్చి అడగనూ వద్దు. కానీ పిల్లలు చాలాసార్లు తమ గుట్టు చెప్పేముందు పక్కవాళ్ల గుట్టు ఒకటి చెప్పి, అమ్మ మొహం ఎట్లా మారుతుందో చూస్తారు. ఆ రోజు మీ అమ్మాయికి జవాబు దొరికింది. రూమ్మేట్ గురించి మీరన్న ప్రతి మాటా, రేపు తన గురించి మీరు అనబోయే మాటగా ఆమె విన్నది.

థామస్ గోర్డన్ అని అమెరికాలో ఒక మనస్తత్వవేత్త ఉండేవాడు. 1962లో తల్లిదండ్రుల కోసం క్లాసులు మొదలుపెట్టాడు. పిల్లలు ఏదైనా కష్టం చెప్పుకున్నప్పుడు పెద్దవాళ్ల నోటి నుంచి వచ్చే మాటల్లో, పిల్లల నోరు మూయించేవి పన్నెండు రకాలని ఆయన లెక్క కట్టాడు. ఆజ్ఞాపించడం, బెదిరించడం, తిట్టడం ఉంటాయని మనం ఊహిస్తాం. నీతి బోధించడం, అంటే మీ అమ్మాయి అన్న ప్రీచింగ్, కూడా వాటిలో ఉంది. సలహా ఇవ్వడం ఉంది. ఆఖరికి పొగడటం, ఓదార్చడం కూడా ఉన్నాయి. అవి ఎప్పుడూ వాడకూడదని కాదు ఆయన ఉద్దేశం. పిల్ల మనసు బరువెక్కి మాట్లాడుతున్న ఆ ఘడియలో వాడితే మాట అక్కడితో ఆగిపోతుందని. సలహాలిచ్చి బతికే నాకు ఆ పట్టిక చూస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, అది వేరే సంగతి.

మీ ముందు ఏమేం ఉన్నాయో చూద్దాం. వాయిస్ మెసేజ్‌లు అలాగే కొనసాగించవచ్చు. మీకు తృప్తిగా ఉంటుంది, ఆమె వినదు, లేదా కీచు గొంతులో వింటుంది. పూర్తిగా మానేయవచ్చు కూడా. మొదటి వారం ఆమెకు హాయిగా ఉంటుంది, తర్వాత ‘అమ్మ అలిగింది’ అనుకుంటుంది, మీరు నిజంగానే అలిగి ఉంటారు. ఈ రెండింటి మధ్య ఇంకోటి ఉంది. మెసేజ్ పెట్టండి గానీ అందులో జాగ్రత్తలు కాకుండా మీ రోజు చెప్పండి. బడిలో పిల్లవాడు నానార్థాలకు ఏం రాశాడో, నాన్న టిఫిన్ డబ్బా బస్సులో ఎట్లా మర్చిపోయాడో చెప్పండి. చిన్నగా, నిమిషం లోపల. మొదట్లో ఆమె నమ్మదు, చివర్లో నీతి వస్తుందేమోనని ఎదురుచూస్తుంది. రాకపోతే కొన్నాళ్లకు తనూ తన రోజు చెబుతుంది. చెప్పినప్పుడు మీరు పట్టుకోవాల్సింది ఒక్కటే ప్రశ్న: ‘‘నేను ఉత్తగ వినాల్నా, ఏమన్న చెప్పాల్నా?’’ ‘ఉత్తగ విను’ అంటే నిజంగా వినడమే. ఇది మీకు చాలా కష్టంగా ఉంటుంది.

చెప్పి తీరాల్సినవీ కొన్ని ఉంటాయి, వాటిని దాచుకోమనడం లేదు. రాత్రి ఆటోలో ఒక్కతే వస్తుంటే లొకేషన్ పంపమనడం ప్రవచనం కాదు. ఒకసారి చెప్పి, ‘సరే’ అనిపించుకుని ఆపేస్తే అది జాగ్రత్త. రోజూ చెబితే అది చెవికెక్కదు. మెట్ల మీద నుంచి విన్నదానికి మాత్రం ఆమెను నిలదీయకండి. స్నేహితురాలి ముందు అమ్మను చూసి నవ్వడం ఆ వయసులో పెద్ద నేరమేమీ కాదు.

తమ్ముడి సంగతి వేరు. ఇక్కడ మాట పద్ధతి మారిస్తే సరిపోదు.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. తాగేవాళ్లతో ఎలా మాట్లాడితే ఉపయోగం అనే దాని మీద విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వవేత్త చాలా పని చేశాడు. 1983లో ఆయన రాసిన వ్యాసంతో ఒక కొత్త పద్ధతే మొదలైంది. 1993లో ఆయన, తోటివారు కలిసి ప్రచురించిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, సలహాదారు ఎంత నిలదీసి, ఎంత వాదిస్తే, ఏడాది తర్వాత ఎదుటివాడు అంత ఎక్కువ తాగుతున్నాడు. మీరు పది కారణాలు చెప్పి ‘మానెయ్’ అంటే, అతని మనసు ‘ఎందుకు మానను’ అనే వైపు పది కారణాలు వెతుక్కుంటుంది. తాగేవాడి మనసులో మానాలనే కోరికా ఉంటుంది, మానలేననే భయమూ ఉంటుంది. మొదటిదాన్ని మీరే మొత్తం మాట్లాడేస్తే అతనికి మిగిలేది రెండోదే.

ఇక మీ ఉత్తరంలో ఒక మూలన ఉన్న డబ్బు సంగతి. తమ్ముడు గిరిగిరి వడ్డీకి, అంటే రోజువారీ కట్టే ఎక్కువ వడ్డీకి, తెచ్చిన అప్పు కట్టలేక, వాళ్లు ఇంటి మీదికి వస్తే, మీరు చిట్టీ ఎత్తి కట్టారు. మీ ఆయనకు చెప్పలేదు. అంతకుముందు కూడా చిన్న చిన్నవి కట్టారు. నిష్ఠురంగా అనిపిస్తుంది గానీ చెప్పాలి: మీ నోరు ‘తాగొద్దు’ అంటోంది, మీ చెయ్యి ‘తాగినా ఏం కాదు, నేనున్న’ అంటోంది. అతను రెండోదే వింటున్నాడు. అప్పుడప్పుడు గట్టిగా నాలుగు మాటలనేస్తే, డబ్బిచ్చిన బాధ మీకు కొంత తీరుతోందేమో కూడా చూసుకోండి.

డబ్బు పూర్తిగా ఆపేస్తే అప్పులవాళ్లు మళ్లీ వస్తారు, అతను కోప్పడతాడు, ‘మా అక్క మారిపోయింది’ అని నలుగురికీ చెబుతాడు. ఆ సెగ ముందు మరదలికి, పిల్లలకు తగులుతుంది. ఆపకపోతే అప్పు పెరుగుతుంది, మీ ఇంట్లో మీ ఆయనకు ఒకనాడు తెలుస్తుంది. మధ్యేమార్గంగా కొందరు చేసేది, చేతికి డబ్బివ్వకుండా పిల్లల ఫీజు బడికి, కిరాణం దుకాణానికి నేరుగా కట్టడం. ఇందులోనూ అతని మీద కొంత బరువు తగ్గుతుంది, కానీ పిల్లలు పస్తుండరు. ఏది ఎంచుకున్నా మీ ఆయనకు ముందు చెప్పండి. మీకు ఇష్టమైనది మీరు ఎంచుకోవచ్చు గానీ, దాచి చేస్తే మాత్రం ఎక్కువ రోజులు నిలబడలేరు.

మీ ఆయన అయ్యప్ప మాల వేయిద్దామంటున్నారని రాశారు. చాలామందిని చూశాం, మండలం రోజులు చుక్క ముట్టరు. కొందరికి అక్కడి నుంచి దారి దొరుకుతుంది కూడా. అయితే రోజూ తాగే మనిషి విషయంలో ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒంటికి మందు అలవాటైపోయాక ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. మతి తప్పి ఎవరో పిలుస్తున్నారని, పురుగులు పాకుతున్నాయని అంటారు. ప్రాణం మీదికి కూడా వస్తుంది. అంటే దసరా నాడు మీ మాటలకు రోషపడి అతను ఆ రాత్రి నుంచే మానేసి ఉంటే, అది మంచి కబురు అయ్యేది కాదు. మాలైనా, ఒట్టైనా, ఏదైనా డాక్టరుకు చూపించాకే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పొద్దున ఓపీకి వెళ్లవచ్చు. మానేటప్పుడు ఒళ్లు తట్టుకోవడానికి వాళ్లు మందులిస్తారు. 14446 మత్తు అలవాట్ల గురించి ఉచితంగా సలహా ఇచ్చే నంబరు. 14416 టెలి మానస్, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, అందులో తెలుగులో మాట్లాడతారు.

మరి తమ్ముడితో మాట్లాడేదెట్లా? ముందు మాట్లాడాల్సింది అతనితో కాదు. మరదలితో. ‘పండుగ పూట గూడ ప్రవచనమేనా’ అన్నందుకు మీకు ఆమె మీద కోపముంది. కానీ ఆమె వైపు నుంచి చూడండి. ఆ వాసన ఆమెకు దసరా ఒక్కనాడే కాదు, రోజూ. తన పుట్టింటివాళ్ల ముందు ఇంటి గుట్టు అరగంట సేపు బయటపడింది. చుట్టాలు వెళ్లిపోయాక, రాత్రి అతను తిరిగొచ్చినప్పుడు ఇంట్లో ఉన్నది ఆమె. అతను ఎప్పుడు తాగుతాడు, ఎంత, ఎవరితో, చెయ్యి ఎత్తుతాడా, ఇవన్నీ ఆమెకే తెలుసు. ఫోన్ చేసి, ‘‘ఆ రోజు అందరి ముందల అనకపోయేది ఉండె. నీకెట్లున్నది?’’ అని అడగండి. ఆమె మొదట పొడిపొడిగా మాట్లాడుతుంది. పర్వాలేదు. కొడుతున్నాడని తెలిస్తే మాత్రం ఈ ఉత్తరంలో నేను చెబుతున్న ఓపిక మాటలన్నీ పక్కన పెట్టి, ముందు ఆమె, పిల్లలు మీ ఇంట్లోనో పుట్టింట్లోనో ఉండే ఏర్పాటు చూడాలి. అలాంటప్పుడు మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది.

తమ్ముడిని కలవాలనుకుంటే పొద్దున పూట, అతను తాగి లేనప్పుడు, ఒక్కణ్ణే కలవండి. మార్కెట్‌కు సెలవున్న రోజు చూసుకోండి. మీ ఇంటికి పిలిపించుకోకండి, అక్కడ మీరు మళ్లీ పెద్దక్క అయిపోతారు. మీరు చూసింది ఒక్కటి చెప్పండి. ‘‘తమ్మీ, చాయ్ గిలాస పట్టుకుంటే నీ చెయ్యి వణుకుతుంది, నేను చూసిన. నాకు భయమైతుంది. నీకేమనిపిస్తుంది?’’ అక్కడ ఆగండి. అమ్మ పేరు తీయొద్దు, పెంచిన కష్టం తీయొద్దు. అతను మాట్లాడకుండా ఎంతసేపు కూర్చున్నా ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపొద్దు. ‘ఏం లేదక్కా, అందరు తాగుతలేరా’ అంటే వాదించకండి. ‘ఎప్పుడన్న మానాలనిపించిందా’ అని మాత్రం అడగండి. ఏదో ఒక రోజు ‘అనిపించింది గాని’ అంటాడు. ఆ ‘గాని’ తర్వాత అతను చెప్పేది వినండి. మీకు ఇన్నాళ్లూ తెలియనిది అందులో ఉండొచ్చు: అడ్తిలో ఒత్తిడో, అప్పో, నిద్ర పట్టకపోవడమో.

ఇలా మాట్లాడితే మానేస్తాడని నేను హామీ ఇవ్వలేను. ఒక్క మాటతో తేలేది కాదు ఇది. మానేసినవాళ్లు కూడా చాలామంది మళ్లీ ఒకటి రెండుసార్లు జారి, తర్వాత నిలదొక్కుకున్నవాళ్లే. మీరు అస్సలు మాట్లాడకూడదని నిర్ణయించుకోవచ్చు కూడా, అది కూడా ఒక దారే. మీకు కొంత శాంతి ఉంటుంది. కానీ అతనికి ఏమైనా అయితే ‘చెప్పకపోతిని’ అనే బాధ మీకు ఉంటుందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అందుకే ఆ దారి మీకు సరిపడుతుందని నాకు అనిపించడం లేదు. అయినా నిర్ణయం మీది.

మీ ప్రవచనం మానేయమని మాత్రం నేను అనను. మీకు ఆ విద్య ఉంది. పొద్దున ప్రార్థనలో, ఆగస్టు 15కు జెండా కింద, ఊళ్లో మహిళా సంఘం సమావేశంలో, పిలిచినచోటల్లా చెప్పండి. వినడానికి వచ్చి కూర్చున్నవాళ్లకు మీ గొంతు కావాలి. తొమ్మిదో తరగతి పిల్ల పెళ్లి సంగతి పేర్లు తీసేసి ఆ సంఘంలో చెబితే, ఇంకో ఇంట్లో ఒక తల్లి ఆలోచిస్తుంది.

ఇక ఆసుపత్రి. తమ్ముడు రానంటే అక్కడితో ఆగిపోకండి. మీరూ మరదలూ వెళ్లినా డాక్టరుతో మాట్లాడవచ్చు. అతను రోజుకు ఎంత తాగుతున్నాడు, పొద్దున లేవగానే కావాలంటున్నాడా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఇంకేం మందులు వాడుతున్నాడు, ఇవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. అడిగినప్పుడు మరదల్ని చెప్పనివ్వండి.